అర్జీ, తీర్మానం, ప్రణాళిక: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల్లో వాడస్థాయి ప్రణాళికా రచన – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

పట్టణంలోని ఒక వాడ ప్రజలు తమ వాడ అభివృద్ధికి తామే ప్రణాళిక రాసుకోవడానికి పురపాలక సంఘం ఏ మేరకు తోడ్పడింది అన్న ప్రశ్నను ఈ వ్యాసం సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల నేపథ్యంలో పరిశీలిస్తుంది. ప్రజల కోరిక పాలనా వ్యవస్థలోకి చేరే మూడు పత్రరూపాలను, అంటే అర్జీ, తీర్మానం, ప్రణాళికలను, ఇది ఆధారంగా తీసుకుంటుంది. ప్రభుత్వాలు మారినా పట్టణ వాడలకు అందిన తోడ్పాటు ఎక్కువగా అర్జీలు స్వీకరించే పద్ధతిలోనే సాగిందనీ, అర్జీకీ ప్రణాళికకూ నడుమ ఉండవలసిన తీర్మానానికి పట్టణ చట్టాల్లో తగిన చోటు దొరకలేదనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వాడ, వార్డు, పురపాలక సంఘం, గ్రామసభ, వార్డు కమిటీ, తీర్మానం, ప్రణాళిక.

1. ఉపోద్ఘాతం

పట్టణ చరిత్రను పాలకవర్గాల వరుసగా, జరిగిన పనుల పట్టికగా రాయడం పరిపాటి. ఒక వాడలోని ప్రజలు తమకు ఏమి కావాలో ఎవరితో చెప్పారు, ఏ భాషలో చెప్పారు, చెప్పిన మాట ఏ రూపంలో దస్త్రానికెక్కింది అన్న ప్రశ్నలు ఆ చరిత్రల్లో అరుదుగా ఎదురవుతాయి. పాలనా పత్రాలను భాషా సాహిత్య పరిశోధకులు సాధారణంగా తమ పరిధికి వెలుపలివిగా భావిస్తారు. శాసనాలను, కైఫీయతులను చదివిన తెలుగు పరిశోధన సంప్రదాయానికి మాత్రం పాలనా పత్రం కొత్త వస్తువు కాదు. దానం ఇచ్చినవారు, పుచ్చుకున్నవారు, ఎల్లలు, సాక్షులు శాసనంలో ఎలా నమోదయ్యాయో చూసే చూపుతోనే నేటి వార్డు ప్రణాళికను కూడా చదవవచ్చు.

పరిశీలనకు ఎంచుకున్న మూడు పట్టణాలూ ఒకప్పటి ఉమ్మడి నల్లగొండ జిల్లాలోనివి. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణతో సూర్యాపేట జిల్లా కేంద్రమైంది. కోదాడ ఆ జిల్లాలో చేరింది. మిర్యాలగూడ నల్లగొండ జిల్లాలోనే నిలిచింది. పాలనాపరంగా ఈ మూడింటి వయసులు వేరు. సూర్యాపేట 1952లో, మిర్యాలగూడ 1984లో పురపాలక సంఘాలయ్యాయి. కోదాడ 2011 దాకా గ్రామ పంచాయతీగా ఉండి, ఆ ఏడాది నగర పంచాయతీగా మారింది. ఈ వయోభేదమే వీటిని పోల్చి చూడడానికి అనువుగా చేస్తున్నది.

2. పారిభాషిక పరిశీలన

అర్జీ అరబీ మూలం గల మాట. విన్నవించుకోవడం దాని అర్థం. దరఖాస్తు పారసీకం నుంచి వచ్చింది. ఈ రెండింటిలోనూ ఇచ్చేవాడు కింద, పుచ్చుకునేవాడు పైన ఉంటాడు. అర్జీకి సభ అక్కర్లేదు. ఒక్కరైనా రాయవచ్చు, ఒక్కరి కోసమైనా రాయవచ్చు. పక్కింటివారి కోరికతో దాన్ని సరిచూసుకోవలసిన అవసరం లేదు.

తీర్మానానికి తీర్చు, తీర్పు అనే మాటలతో చుట్టరికం ఉంది. తీర్మానం పుట్టాలంటే సభ జరగాలి. ఒకరు ప్రతిపాదించాలి, ఒకరు బలపరచాలి, అభ్యంతరం ఉన్నవారు దాన్ని చెప్పాలి, తేదీ పడాలి, సంతకాలు కావాలి. పరస్పరం పోటీపడే కోరికల్లో దేన్ని ముందు పెట్టాలో సభ అక్కడే తేల్చుకుంటుంది.

ప్రణాళిక సంస్కృతంలో నీరు పారే కాలువకు, తూముకు పేరు. ఆధునిక తెలుగులో అది ముందుగా ఆలోచించి రాసుకున్న కార్యక్రమానికి స్థిరపడింది. పని, దానికయ్యే ఖర్చు, డబ్బు వచ్చే దారి, గడువు, బాధ్యులు, పనుల వరుస: ఈ ఆరూ ఉన్నప్పుడే ఒక పత్రాన్ని ప్రణాళిక అనడం సమంజసం. ఇవి లేని పత్రం పేరు ఏదైనా, స్వభావం చేత అది కోరికల జాబితా.

ప్రణాళికకు ఏకాంశం ఏది అన్నది మరొక ప్రశ్న. ఈ ప్రాంతపు నోటిభాషలో మనిషి ఉనికిని చెప్పే మాటలు వాడ, పేట, గూడెం, బజారు. నల్లగొండ, ఖమ్మం ప్రాంతాల్లో వీధినే బజారు అనడం వాడుక. సూర్యాపేట పేరులోనే పేట ఉంది. మిర్యాలగూడ పేరులో గూడ ఉంది. ఉర్దూ పాలన మొహల్లా, బస్తీ అనే మాటలను ఇచ్చింది. ఆంగ్ల పాలనా సంప్రదాయం వార్డును తెచ్చింది. వాడకు ఎల్లలు అక్కడి బావి, గుడి, మసీదు, చర్చి, కూడలి, వృత్తి, కులం వల్ల ఏర్పడ్డాయి. వార్డు ఎల్లలు ఓటర్ల లెక్క వల్ల ఏర్పడతాయి. పునర్విభజన జరిగిన ప్రతిసారీ జరుగుతాయి. 2020 ఎన్నికల నాటికి సూర్యాపేటలో 48, మిర్యాలగూడలో 48, కోదాడలో 35 వార్డులున్నాయి. ఒకే వాడ రెండు వార్డుల్లో పడవచ్చు. పొత్తులేని రెండు వాడలు ఒకే వార్డులో చేరవచ్చు. వార్డు ప్రణాళికను వాడ ప్రణాళికగా భావించడంలోని మొదటి చిక్కు ఇది.

3. అర్జీ నుంచి తీర్మానానికి: నిజాం కాలం

నిజాం రాజ్యంలో పాలనాభాష ఉర్దూ. తెలుగు మాత్రమే తెలిసిన రైతుకు, వర్తకునికి తన అర్జీని తాను రాసుకునే వీలుండేది కాదు. కోరిక తనదైనా దాన్ని రాసే చేయి మరొకరిది. భాషకు జరిగిన ఈ అవమానం సభల్లో కూడా బయటపడింది. 1921లో హైదరాబాదులో జరిగిన సంఘసంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే ఎదురైన ఎగతాళి ఆంధ్ర జనసంఘం పుట్టుకకు దారితీసిన సంగతి సుప్రసిద్ధం. మరుసటి ఏడే షబ్నవీసు వెంకట రామనరసింహారావు నల్లగొండ నుంచి ‘నీలగిరి’ పత్రికను వెలువరించారు. 1926లో సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వంలో ‘గోలకొండ’ పత్రిక మొదలైంది. స్థానిక సమస్యలు తెలుగులో అచ్చుకెక్కడానికి ఈ పత్రికలు దారి వేశాయి.

1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగిన తొలి ఆంధ్రమహాసభతో తీర్మానం అనే ప్రక్రియ తెలంగాణ ప్రజాజీవితంలో బలపడింది. మాతృభాషలో చదువు, వెట్టిచాకిరి నిర్మూలన, గ్రంథాలయాలు వంటి విషయాలను మహాసభ అధికారి దయగా అడగలేదు. సభ నిర్ణయంగా ప్రకటించింది. 1941లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన ఎనిమిదో ఆంధ్రమహాసభ నేటి సూర్యాపేట జిల్లాలోని చిలుకూరులో, అంటే కోదాడ పరిసరాల్లోనే జరిగింది. తరువాతి సంవత్సరాల్లో నల్లగొండ పల్లెల్లో మహాసభను జనం సంఘం అని పిలుచుకున్నారు. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో సూర్యాపేట, మిర్యాలగూడ, హుజూర్‌నగర్ తాలూకాల్లోని అనేక గ్రామాల్లో గ్రామ కమిటీలు భూమి పంపకం, తగాదాల పరిష్కారం వంటి పనులను సభల ద్వారా నడిపాయి.

ఈ ఘట్టాలను ఇక్కడ తలచుకోవడానికి కారణం ఉంది. సభ కూడి, మాట్లాడి, తీర్మానించే అలవాటు ఈ ప్రాంతానికి ప్రభుత్వ పథకాల వల్ల రాలేదు. పథకాలకు దశాబ్దాల ముందే అది ఇక్కడి ప్రజల అనుభవంలో ఉంది. స్వాతంత్ర్యానంతరం ఏర్పడిన పట్టణ పాలనా సంస్థకూ తెలుగులో పురపాలక సంఘం అనే పేరు పెట్టారు. మాట ఒకటే అయినా సభాధర్మం కొత్త సంస్థకు పూర్తిగా సంక్రమించలేదు. వాడుకలో జనం దాన్ని మున్సిపాలిటీ ఆఫీసు అన్నారు. సంఘం ఆఫీసుగా మారిన చోట తీర్మానం మళ్లీ అర్జీగా మారింది.

4. పటం గీసిన తరువాత అభిప్రాయం: 1952–1993

తెలంగాణ పట్టణాలకు వర్తించిన 1956 నాటి హైదరాబాదు జిల్లా పురపాలక సంఘాల చట్టం, ఆంధ్ర ప్రాంతానికి వర్తించిన 1920 నాటి మద్రాసు జిల్లా పురపాలక సంఘాల చట్టం స్థానంలో 1965లో ఆంధ్రప్రదేశ్ పురపాలక సంఘాల చట్టం వచ్చింది. పట్టణ ప్రణాళికకు మాత్రం 1920 నాటి పట్టణ ప్రణాళికా చట్టమే ఆధారంగా నిలిచింది. ఆ చట్టం కింద తయారయ్యే మాస్టర్ ప్లాన్‌లో నివాస, వాణిజ్య, పారిశ్రామిక ప్రాంతాలు, రోడ్ల వెడల్పులు రంగుల్లో గుర్తిస్తారు. ముసాయిదాను ప్రకటించిన తరువాత అభ్యంతరాలను, సూచనలను స్వీకరిస్తారు.

ఈ క్రమంలో ప్రజలకు దక్కిన పాత్ర అభ్యంతరం చెప్పడం. అభ్యంతరమూ ఒక అర్జీయే. తన ఇల్లు రోడ్డు వెడల్పులో పోతుందని తెలిసినవాడు అభ్యంతరం రాస్తాడు. వాడకు చెరువుగట్టు మీద నడకదారి కావాలని, వర్షపునీరు ఫలానా బజారు గుండా పోవాలని కలసి ఆలోచించినవారికి ఆ కాగితంలో గడి లేదు. ముసాయిదాకు ముందే వాడలను కూర్చోబెట్టవలసిన బాధ్యతను చట్టం పురపాలక సంఘం మీద పెట్టలేదు. 1966లో తెలుగు అధికారభాష అయింది. 1974లో వావిలాల గోపాలకృష్ణయ్య తొలి అధ్యక్షుడిగా అధికార భాషా సంఘం ఏర్పడింది. అయినా పట్టణ ప్రణాళిక పరిభాష ఆంగ్లంలోనే నిలిచింది. జోనింగు, లేఅవుటు, సెట్‌బ్యాకు వంటి మాటలకు వాడుకలో తెలుగు రూపాలు నిలదొక్కుకోలేదు. నిజాం కాలపు అర్జీదారుకు లేఖరి ఎంత అవసరమో, మాస్టర్ ప్లాన్ కాలపు పౌరుడికి పటం చదివి చెప్పేవాడు అంతే అవసరమయ్యాడు.

మిర్యాలగూడ ఎదిగిన తీరు ఈ లోటును మరింత స్పష్టం చేస్తుంది. 1967లో నాగార్జునసాగర్ కాలువల్లోకి నీరు వదిలాక ఎడమ కాలువ కింద వరిసాగు విస్తరించింది. దానితో మిర్యాలగూడ బియ్యం మిల్లుల పట్టణంగా పేరుపొందింది. కాలువ ఎక్కడ తవ్వాలో, ఏ తూముకు ఎంత నీరో ఇంజనీర్లు లెక్కగట్టారు. నీటివెంట వచ్చిన మిల్లులకు, హమాలీల కాలనీలకు, ధాన్యం లారీలకు, పెరిగిన ఇళ్లకు అంత ముందుచూపుతో వాడవాడ లెక్క వేసిన సందర్భం పట్టణ చట్టంలో లేదు. పల్లెకు నీటి ప్రణాళిక దొరికిన కాలంలో పట్టణం తనకు తానుగా పెరిగింది.

5. మూడు లక్షల గీత

1993లో అమల్లోకి వచ్చిన 73, 74వ రాజ్యాంగ సవరణలు స్థానిక పాలనకు రాజ్యాంగ ప్రతిపత్తిని కల్పించాయి. 12వ షెడ్యూలు పట్టణ సంస్థలకు 18 విధులను పేర్కొన్నది. వాటిలో మొదటిది పట్టణ ప్రణాళిక. గ్రామ, పట్టణ సంస్థల ప్రణాళికలను క్రోడీకరించడానికి జిల్లా ప్రణాళికా కమిటీని రాజ్యాంగం నిర్దేశించింది. కింద ప్రణాళికలు తయారవుతాయన్న నమ్మకం మీదనే ఈ ఏర్పాటు నిలబడి ఉంది.

రెండు సవరణల నడుమ ఒక ముఖ్యమైన తేడా ఉంది. గ్రామాలకు 243ఎ అధికరణం గ్రామసభను ఇచ్చింది. గ్రామ ఓటర్లందరూ దానిలో సభ్యులు. పట్టణాల భాగంలో ఓటర్లందరి సభకు అధికరణం లేదు. 243ఎస్ అధికరణం వార్డు కమిటీలను పేర్కొన్నా, మూడు లక్షలు లేదా అంతకు మించి జనాభా ఉన్న పట్టణాలకే వాటిని తప్పనిసరి చేసింది. ఇతర కమిటీలను ఏర్పరచే స్వేచ్ఛను రాష్ట్రాలకు వదిలింది. 2011 జనగణనలో సూర్యాపేట, మిర్యాలగూడల జనాభా లక్ష దాటింది. కోదాడ జనాభా అరవై వేల పైచిలుకు. మూడూ మూడు లక్షల గీతకు ఇవతలే ఉండిపోయాయి.

2015లో మొదలైన అమృత్ పథకం మరో గీత గీసింది. లక్ష జనాభాను ప్రమాణంగా తీసుకోవడం వల్ల సూర్యాపేట, మిర్యాలగూడ అందులో చేరాయి, కోదాడకు చోటు దక్కలేదు. తాగునీరు, మురుగునీటి సేవల మెరుగుదలకు పట్టణ స్థాయి ప్రణాళిక రాయించే అవకాశం ఆ మేరకు రెండు పట్టణాలకే వచ్చింది. అక్కడ కూడా ప్రణాళికకు ఏకాంశం పట్టణమే గాని వాడ కాదు.

కోదాడ ఉదాహరణ ఇక్కడ ప్రత్యేకంగా చూడదగినది. 2011 వరకు కోదాడ ఓటరు 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం గ్రామసభ సభ్యుడు. ఆచరణలో ఆ సభ ఎంత నిండుగా జరిగిందన్నది వేరే ప్రశ్న. కూర్చుని అడిగే హక్కు మాత్రం చట్టంలో ఉంది. నగర పంచాయతీగా మారిన నాడు కోదాడకు పట్టణ హోదా వచ్చింది, గ్రామసభ పోయింది. దాని స్థానంలో ఓటర్లందరి సభ మరొకటి రాలేదు. 2018లో తెలంగాణ అంతటా కొత్త పురపాలక సంఘాలు ఏర్పడినప్పుడు, చుట్టుపక్కల గ్రామాలు పట్టణాల్లో విలీనమైనప్పుడు అనేక గ్రామాల ప్రజలకు ఇదే జరిగింది. అదే ఏడాది వచ్చిన తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం రెండు నెలలకొకసారి గ్రామసభ జరగాలన్నది. పల్లెలో సభల సంఖ్య పెరిగిన సంవత్సరమే, పట్టణంలో కలసిన పల్లె తన సభను కోల్పోయింది. పట్టణీకరణను అభివృద్ధికి పర్యాయపదంగా వాడే వ్యాసాల్లో ఈ నష్టం లెక్కకు రావడం లేదు.

6. కార్యక్రమాలుగా వచ్చిన ప్రణాళికలు

చట్టం ఇవ్వని చోటును ప్రభుత్వాలు అప్పుడప్పుడు కార్యక్రమాల ద్వారా ఇచ్చాయి. 1997 జనవరి 1న మొదలైన జన్మభూమి గ్రామసభలతో పాటు పట్టణాల్లో వార్డు సభలను నడిపింది. శ్రమదానం, ప్రజల వాటాధనం దానిలో భాగాలు. విడతలు విడతలుగా అధికారులు వాడలకు వచ్చారు, సమస్యలు విన్నారు, దరఖాస్తులు తీసుకున్నారు. సభ జరిగింది, కానీ సభ చేతికి నిధి రాలేదు. విడత ముగిశాక వార్డు సభకు చట్టబద్ధమైన ఉనికి మిగలలేదు.

అదే ఏడాది డిసెంబరులో మొదలైన స్వర్ణజయంతి షహరీ రోజ్‌గార్ యోజన మరొక దారి పట్టింది. పది నుంచి నలభై కుటుంబాల మహిళలు ఒక ఇరుగుపొరుగు బృందం, కొన్ని బృందాలు కలసి ఒక కమిటీ, కమిటీలు కలసి సామాజిక అభివృద్ధి సంఘం అన్నది దాని కల్పన. బృందాన్ని నిర్వచించడంలో మొహల్లా, బస్తీ అనే మాటలనే మార్గదర్శకాలు వాడాయి. అధికారిక పత్రాల్లో వార్డును దాటి వాడ ఏకాంశంగా కనిపించిన అరుదైన సందర్భం ఇది. 2007లో పట్టణ ప్రాంత పేదరిక నిర్మూలన సంస్థ (మెప్మా) ఏర్పడ్డాక ఈ నిర్మాణం పొదుపు సంఘాలు, వాటి పైన మురికివాడ స్థాయి, పట్టణ స్థాయి సమాఖ్యలుగా సాగింది. నెలనెలా కూడి, తీర్మానాల పుస్తకం రాసుకునే అలవాటు పట్టణ పేదల్లో నిలిచింది ఈ సంఘాల్లోనే. అయితే ఆ పుస్తకంలో ఎక్కువగా నమోదయ్యేది పొదుపు, అప్పు, కిస్తీ. మోరీ, నల్లా, వీధిదీపం గురించిన తీర్మానాన్ని పురపాలక సంఘం తన ఎజెండాలోకి తీసుకోవాలన్న నిబంధన లేదు.

తెలంగాణ ఏర్పడిన వెంటనే, 2014 జులైలో, ‘మన ఊరు–మన ప్రణాళిక’, పట్టణాల్లో ‘మన వార్డు–మన ప్రణాళిక’ జరిగాయి. ప్రణాళిక అనే మాటను మన అనే సర్వనామంతో జోడించి ఇంటింటికీ చేర్చిన ఘనత ఈ కార్యక్రమానిది. అవసరాలను ప్రాధాన్య క్రమంలో పెట్టమని అడగడం కూడా అర్జీ నుంచి ముందుకు పడిన అడుగే. కానీ అంతకుముందు 2010 నుంచి 2014 వరకు పట్టణాలు ప్రత్యేకాధికారుల పాలనలో ఉన్నాయి. 2014 మార్చిలో ఎన్నికై జులైలో కొలువుదీరిన కౌన్సిళ్లు సర్దుకునేలోపే ప్రణాళికలు రాయవలసి వచ్చింది. వార్డుకు ఎంత సొమ్ము వస్తుందో ముందే చెప్పకుండా రాయించిన ప్రాధాన్య క్రమం కోరికల వరుసగానే ఉంటుంది. ఇంత సొమ్ములో ఏది ముందు అని అడిగినప్పుడే వాడ తన కోరికల్లో ఒకదాన్ని వదులుకుంటుంది. వదులుకోవడంలోనే తీర్మానం పుడుతుంది.

2019 నాటి తెలంగాణ పురపాలక సంఘాల చట్టం ఈ చరిత్రలో ప్రధానమైన మలుపు. మూడు లక్షల గీతతో పని లేకుండా ప్రతి వార్డుకూ యువజన, మహిళ, వయోవృద్ధ, ప్రముఖ పౌరుల పేరిట నాలుగు కమిటీలను, ఒక్కొక్కదానిలో 15 మంది సభ్యులను అది నిర్దేశించింది. ఆ లెక్కన వార్డుకు 60 మంది. సూర్యాపేట, మిర్యాలగూడలకు 2,880 మంది చొప్పున, కోదాడకు 2,100 మంది. మూడు పట్టణాల్లోని 131 వార్డులకు 7,860 మంది. బడ్జెట్‌లో 10 శాతం హరిత పద్దుకు కేటాయించాలని, నాటిన మొక్కల్లో 85 శాతం బతికేలా చూడాలని కూడా చట్టం చెప్పింది. 2020 జనవరి 22న ఎన్నికలు జరిగాయి. ఫిబ్రవరి 24 నుంచి మార్చి 4 వరకు పట్టణ ప్రగతి కార్యక్రమం సాగింది.

చట్టంలోని రెండు అంశాలను పక్కపక్కన పెట్టి చూస్తే దాని స్వభావం తెలుస్తుంది. మొక్కల విషయంలో శాతం ఉంది, సొమ్ము ఉంది, వార్డు సభ్యుని బాధ్యత ఉంది. అందువల్ల వార్డు హరిత ప్రణాళిక నిజంగా ప్రణాళికే. వార్డు కమిటీల విషయంలో సంఖ్య ఉంది, వర్గీకరణ ఉంది. కమిటీ చెప్పిన మాటను కౌన్సిలు కాదంటే ఎందుకు కాదన్నదో రాతలో చెప్పాలన్న బాధ్యత లేదు. పైగా వయసును బట్టి, ప్రతిష్ఠను బట్టి నాలుగుగా విడదీసిన కమిటీలు ఒకే వాడ సమస్యను నాలుగు చోట్ల మాట్లాడుకోవాలి. వార్డు ఓటర్లందరూ కలసి కూర్చునే సభ ఈ చట్టంలోనూ రాలేదు. కార్యక్రమం ముగిసిన కొద్ది రోజులకే కోవిడ్ రావడంతో కమిటీలు కూడి పనిచేసే అలవాటు పడవలసిన తొలి కాలం కూడా చేజారింది.

2023 డిసెంబరు 28 నుంచి 2024 జనవరి 6 వరకు జరిగిన ప్రజాపాలన కార్యక్రమంలో వార్డువార్డునా కౌంటర్లు వెలిశాయి. గృహం, పింఛను వంటి వ్యక్తిగత లబ్ధికి దరఖాస్తులు తీసుకున్నారు. పేద కుటుంబానికి ఆ దరఖాస్తు అత్యవసరం. దాన్ని తక్కువ చేయడానికి లేదు. పత్రరూపాల చరిత్రలో మాత్రం ఇది అర్జీ తిరిగి రావడమే. 2025 జనవరిలో కౌన్సిళ్ల పదవీకాలం ముగిసి మళ్లీ ప్రత్యేకాధికారులు వచ్చారు. ఎన్నికైన కౌన్సిలు లేని కాలంలో వాడ మాటకు మిగిలేది అర్జీ ఒక్కటే.

7. సూర్యాపేట చెత్త నిర్వహణ: ఒక భిన్న అనుభవం

ఈ పరంపరలో సూర్యాపేట సాధించిన ఒక విజయాన్ని విడిగా పరిశీలించాలి. 2003 నుంచి కమిషనరు ఎస్.ఎ. ఖాదర్ సాహెబ్ చొరవతో పట్టణంలో ఇంటింటి చెత్త సేకరణ మొదలైంది. తడి, పొడి చెత్తలను ఇంట్లోనే వేరుచేయించారు. వీధుల్లోని చెత్తకుండీలను తొలగించారు. తడిచెత్త వానపాముల ఎరువుగా మారింది. పొడిచెత్త అమ్మకం వల్ల ఆదాయం వచ్చింది. పెద్ద నగరాలు ఆ పని చేయలేకపోతున్న రోజుల్లో లక్ష జనాభా పట్టణం దేశానికి ఉదాహరణగా నిలిచింది.

చెత్త సేకరణ స్వభావరీత్యా వీధిస్థాయి పని. బండి ఏ బజారుకు ఎన్ని గంటలకు వస్తుంది, సందులోకి ట్రాక్టరు పోకపోతే ఏం చేయాలి, దుకాణాల చెత్త ఎప్పుడు తీయాలి అన్నవి ఆ వీధివారితో మాట్లాడకుండా తేలవు. అర్జీ పద్ధతిలో ప్రజలు అడుగుతారు, ఆఫీసు చేస్తుంది. ఇక్కడ ఇల్లాలు చెత్తను వేరుచేయకపోతే ఆఫీసు ఏమీ చేయలేదు. బాధ్యత రెండువైపులా పంచబడింది. ప్రణాళికకు ఉండవలసిన లక్షణాలైన పని, వేళ, బాధ్యులు, రాబడి ఇక్కడ ఉన్నాయి.

ఇందులోనూ ఒక లోటు ఉంది. ఈ అనుభవం ఒక సమర్థుడైన అధికారి చొరవగా ప్రసిద్ధికెక్కింది. వీధులు తమకు తాముగా చేసుకున్న కట్టుబాటుగా అది ప్రసిద్ధికి రాలేదు. అధికారి బదిలీ అవుతాడు. వాడ బదిలీ కాదు. వాడ ఒప్పందం వాడ తీర్మానంగా రాసి ఉంటే, తరువాత వచ్చిన అధికారిని ఆ కాగితం చూపి అడగవచ్చు. రాయని ఒప్పందం దాన్ని కుదిర్చిన మనిషి జ్ఞాపకంగానే మిగులుతుంది.

8. తులనాత్మక పరిశీలన

పట్టణ వాడకు చట్టబద్ధమైన గొంతు అసాధ్యం కాదనడానికి రెండు ఉదాహరణలు చాలు. కేరళలో 1996లో మొదలైన ప్రజాప్రణాళికా ఉద్యమం రాష్ట్ర ప్రణాళికా నిధుల్లో 35 నుంచి 40 శాతాన్ని స్థానిక సంస్థలకు ముందే కేటాయించి, ఆ తరువాత ప్రజలను ప్రణాళిక రాయమన్నది. 1994 నాటి అక్కడి పురపాలక చట్టం చిన్న పట్టణాల వార్డుల్లో ఓటర్లందరి వార్డు సభకు చోటిచ్చింది. సొమ్ము ముందు, సభ తరువాత, ప్రణాళిక ఆ పైన అన్న క్రమం అక్కడ ఉంది.

ఇంగ్లండులో 2011 నాటి స్థానికతా చట్టం పారిష్ కౌన్సిళ్లకు, అవి లేనిచోట పొరుగు వేదికలకు తమ ప్రాంత ప్రణాళికను రాసుకునే హక్కునిచ్చింది. దానికి సలహా, సహాయం అందించడం స్థానిక ప్రణాళికా సంస్థ విధి. డబ్బు ఇచ్చి తీరాలన్న నిర్బంధం లేదు. స్వతంత్ర పరీక్షకుడు చూసిన తరువాత ప్రజాభిప్రాయ సేకరణ జరుగుతుంది. పోలైన ఓట్లలో సగానికి మించి అనుకూలమైతే ఆ పత్రం భూవినియోగ నిర్ణయాలకు ఆధారమవుతుంది. చదువు, తీరిక ఉన్న ప్రాంతాలకే ఈ హక్కు ఎక్కువగా అక్కరకొచ్చిందన్న విమర్శ అక్కడ ఉంది. అది సూర్యాపేటకూ వర్తించే హెచ్చరికే. ప్రణాళిక రాసే నేర్పు లేని వాడకు కేవలం హక్కునివ్వడం చాలదు. పటం చదివి చెప్పే మనిషిని, అంచనా వేసే ఇంజనీరును, తెలుగులో రాసిన నమూనాను కౌన్సిలు సమకూర్చాలి. తోడ్పాటు అనే మాటకు అర్థం అదే.

9. ముగింపు

పై పరిశీలన నుంచి మూడు విషయాలు తేలుతున్నాయి. మొదటిది, ఈ మూడు పట్టణాల్లో ప్రజల మాట వినే ప్రయత్నం ఏ కాలంలోనూ పూర్తిగా ఆగలేదు; 1997, 2014, 2020, 2023 సంవత్సరాల కార్యక్రమాలు అందుకు సాక్ష్యం. రెండవది, ఆ ప్రయత్నాలన్నీ తేదీలతో మొదలై తేదీలతో ముగిశాయి. నిధి హామీ, వ్రాతపూర్వకమైన జవాబు, ఓటర్లందరి సభ అన్న మూడు ఆధారాలు వాటికి కలసి రాలేదు. మూడవది, గ్రామంగా ఉన్నప్పుడు ఉన్న సభాహక్కును పట్టణమైనప్పుడు కోల్పోవడం చట్టాల్లో పూడ్చవలసిన ఖాళీ. 2019 చట్టం వార్డు కమిటీల ద్వారా ఆ ఖాళీలో కొంత భాగాన్నే పూడ్చింది.

తెలుగు పరిశోధనకు ఇందులో చేయవలసిన పని ఉంది. పురపాలక సంఘాల తీర్మానాల పుస్తకాలు, జన్మభూమి దరఖాస్తులు, 2014 వార్డు ప్రణాళికలు, మహిళా సమాఖ్యల సమావేశాల నమోదులు ఈ కాలపు తెలుగు గద్యానికి ఆకరాలు. ఒక పొదుపు సంఘం సభ్యురాలు మోరీ గురించి రాయించిన వాక్యంలో కర్త ఎవరు, క్రియ విధ్యర్థకమా ప్రార్థనార్థకమా అన్నది వ్యాకరణ ప్రశ్న మాత్రమే కాదు. ‘మోరీ కట్టించగలరని ప్రార్థన’ అన్న వాక్యానికీ ‘మోరీ ముందు కట్టాలని ఈ సభ తీర్మానించింది’ అన్న వాక్యానికీ నడుమ ఉన్న దూరమే ఈ మూడు పట్టణాల పౌరజీవన చరిత్ర. ఆ పత్రాలను సేకరించి భద్రపరచడం, పట్టణ ప్రణాళికా పరిభాషను వాడ ప్రజలకు అందే తెలుగులో స్థిరపరచడం తెలుగు శాఖలు వెంటనే చేపట్టదగిన పనులు.